కోర్టాయన కాలి అచ్చు

చిత్తూరు కోర్టులో నా ఉద్యోగం సమన్లు అందజేయడం. దావా పడిందని తెలిపే కాగితం తీసుకుని ఊళ్లకు పోవాలి, ఎవరి మీద దావా పడిందో ఆ మనిషిని వెతికి పట్టుకోవాలి, కాగితం చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. పల్లెల్లో మమ్మల్ని ‘కోర్టాయన’ అంటారు. కోర్టాయన వీధి మొదట్లో కనబడితే చాలు, ఇంట్లో ఉన్న మనిషి ఊళ్లో లేకుండా పోతాడు. కంచంలో సగం తిన్న సంగటి ముద్ద అలాగే ఉంటుంది, చెంబులో నీళ్లు ఇంకా ఊగుతుంటాయి, అయినా “ఆయప్ప మదరాసుకు పోయినాడబ్బా, ఎప్పుడొస్తాడో ఏమో” అని ఇల్లాలు గడపలోనే అడ్డంగా నిలబడుతుంది. ఏళ్ల తరబడి ఇలాంటి మాటలు విన్నవాడికి ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడమే అలవాటవుతుంది. నాకూ అయింది. వంకాయలు లేతవని అమ్మేవాడంటే నేను ఒకటి విరిచి చూసే రకం. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

అలాంటి నాకు యాభై దాటాక కుడి మడమలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మేకు మీద కాలు మోపినట్టుండేది. కాస్త నడిచాక తగ్గేది. బస్సెక్కి కూర్చుని దిగితే మళ్లీ మొదటికొచ్చేది. నొప్పి అన్నాక ఉంటే ఉండాలి, పోతే పోవాలి. ఇలా వస్తూ పోతూ ఉండే నొప్పిని మొదట నేనే నమ్మలేదు. వయసు మీద పడిందన్న బెంగతో ఊహించుకుంటున్నానేమో అనుకున్నాను.

తిరుపతిలో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌లో మా ఆవిడ నా కోసం ముళ్ల చెప్పులు కొన్నది. లోపల అంతా ప్లాస్టిక్ ముళ్లుంటాయి. ఒంట్లోని నరాలన్నీ అరికాల్లోనే కలుస్తాయనీ, ఇవి తొడుక్కుంటే మడమ నొప్పేమిటి, మలబద్ధకం కూడా పోతుందనీ అమ్మినవాడు గ్యారంటీ ఇచ్చాడట. వాటితో ఇంట్లో తిరిగాక మడమ మీద కాలు మోపలేక వేళ్ల మీద నడిచాను. చెప్పులు అటకెక్కాయి. గ్యారంటీ అన్న మాట మీద నాకున్న అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

మా పైన నాజరు అనే అధికారి ఉంటాడు. ఏ కాగితం ఎవరు ఏ ఊరికి తీసుకుపోవాలో పంచేది ఆయనే. కొన్నాళ్లు టౌన్‌లోని కాగితాలు మాత్రం ఇవ్వమని ఆయన్ను అడిగాను. ఆయన కళ్లద్దాల పైనుంచి ముందు నా మొహం చూశాడు, తర్వాత నా కాళ్లు చూశాడు.

“నిన్న సాయంత్రం మార్కెట్టులో బాగానే నడస్తా ఉన్నావు కదప్పా?”

“నడిస్తే తగ్గుతాది సార్. కూర్చుని లేస్తేనే.”

“నడిస్తే తగ్గేటట్లయితే ఇంకా మంచిది. కొండకింద పల్లెలకు పో, బాగా తగ్గుతాది.”

పక్క బల్లల దగ్గర వాళ్లు నవ్వారు. ఎక్స్‌రే తీయించుకొచ్చి చూపించాను. ఎముక ఏదీ విరగలేదనీ, మడమ దగ్గర కొద్దిగా ముల్లులా పెరిగిందనీ, అది నొప్పి లేనివాళ్లకు కూడా ఉంటుందనీ చిత్తూరులో ఎక్స్‌రే చూసిన డాక్టర్ చెప్పాడు. నాజరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని, “ఎక్స్‌రేకు కనపడని నొప్పి నాకు యాడ కనపడతాది?” అన్నాడు. జనాలు నాకు చెప్పే అబద్ధాలను నేనెలా చూస్తానో ఆయన నన్నలాగే చూస్తున్నాడు. నేను కుంటితే నటన, కుంటకపోతే దొరికిపోయినట్టు. ఆఫీసు వరండాలో నడుస్తున్నప్పుడు నిజంగా ఎంత కుంటాలో అంతే కుంటుతున్నానా అని నాకే అనుమానం వచ్చేది.

మా బావమరిది తిరుపతిలో ఒక లాడ్జిలో పనిచేస్తాడు. కొండకు వచ్చేవాళ్లకు గది కావాలన్నా, జీపు కావాలన్నా, చంటిపిల్లకు డాక్టర్ కావాలన్నా వెంటనే ఒకరి పేరు చెబుతాడు. ఆ చెప్పిన ప్రతిచోటా ఇతనికేదో ముడుతుందని నా అనుమానం. నా కాలి సంగతి వాళ్లక్క చెప్పగానే ఫోన్ చేశాడు.

“బావా, కాళ్లకు మాత్రమే చూసే డాక్టరుండాడు ఈడ. రేపే వచ్చేయ్. నేను చెప్పి పెడతా.”

“చెప్పి పెట్టొద్దు. నేనే వస్తా” అన్నాను. నేను ఇతని మనిషినని తెలియకపోతే, అక్కడ ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు కనబడుతుందని నా లెక్క.

అది బస్టాండుకు దూరం కాని సందులో చిన్న ఆసుపత్రి. డాక్టర్ నా వయసు మనిషే. మందుల చీటీ రాస్తాడనుకుంటే, ముందు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని చెప్పుల్లేకుండా వరండాలో అటూ ఇటూ నడవమన్నాడు. ఆయన వెనక నుంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి సన్నటి దారంలాంటి దాన్ని అరికాలికి తాకించి, తెలుస్తోందా అని అడిగాడు. షుగర్ ఉందా అని అడిగాడు. లేదన్నాను. బొటనవేలితో మడమ లోపలి వైపు ఒకచోట నొక్కాడు. నేను బల్ల మీద నుంచి లేచి కూర్చున్నాను.

“ఈడేనా?”

“ఆడే సార్.”

“ఎముకది కాదప్పా. మీ పాదం చదును. నిలబడినప్పుడు మడమ లోపలికి వాలిపోతా ఉండాది. పాదం అడుగున మడమ నుంచి వేళ్ల దాకా ఒక పట్టీ ఉంటాది. అడుగు వేసినప్పుడల్లా అది సాగి, మడమ దగ్గర లాగుతా ఉండాది. రాత్రంతా ముడుచుకుని ఉంటాది కదా, పొద్దున ఒక్కసారిగా సాగేసరికి ప్రాణం పోతాది.”

ఇంతవరకూ ఎవరూ చెప్పని విధంగా చెప్పాడు. నమ్మబోతున్నానని తెలిసి జాగ్రత్తపడ్డాను. బాగా చెప్పగలిగినవాళ్ల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా ఉద్యోగం నేర్పింది.

పిక్క సాగదీసే కసరత్తు చూపించాడు. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవొద్దన్నాడు. బూట్లు వేసుకోమన్నాడు. వాటిలో పెట్టుకోవడానికి నా పాదానికి సరిపడా ఇన్‌సోల్స్ చేయించుకోమన్నాడు. “కింద గదిలోనే చేస్తారు” అన్నాడు. ఆ మాట దగ్గర నాకు అంతా అర్థమైనట్టే అనిపించింది. పైన చెప్పేవాడు, కింద అమ్మేవాడు.

“తగ్గుతాదని గ్యారంటీనా సార్?” అన్నాను.

“గ్యారంటీ ఏమీ లేదు. చాలామందికి పనికొస్తాది, కొందరికి పనికిరాదు. కసరత్తు మానేస్తే అసలు చెప్పలేను.”

నేను తడబడ్డాను. అమ్మేవాడు గ్యారంటీ లేదనడం నా అనుభవంలో లేదు. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాను.

కింద గదిలో ఒక అమ్మాయి ఉంది. ఈ పని చదువుకుని వచ్చిందట. చదరపు పెట్టెలో మెత్తటి స్పాంజి దిమ్మె లాంటిది తెచ్చి నా కాలి కింద పెట్టింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు ఒక చేత్తో పట్టుకుని, మడమను, తర్వాత వేళ్లను నిదానంగా దాంట్లోకి అదిమింది. కాలు తీస్తే నా పాదం గుంట అందులో దిగి ఉంది. రెండో కాలికీ అలాగే చేసింది. దీంట్లో ప్లాస్టర్ పోసి పాదం అచ్చు తీస్తామనీ, దాని మీద ఇన్‌సోల్ తయారు చేస్తామనీ చెప్పింది.

ఇక్కడ నేనొక పని చేశాను. ఈ అచ్చంతా కంటితుడుపేమో, వెనక అరలో తయారుగా ఉన్న వాటిలో ఒక జత తీసిస్తారేమో అన్నది నా అనుమానం. ఆమె చేతులు కడుక్కోవడానికి అటు తిరగగానే, కుడికాలి గుంటలో మడమ అంచున బొటనవేలి గోరుతో గట్టిగా గుచ్చాను. నా అచ్చు మీదే చేస్తే ఇన్‌సోల్ మీద ఆ గుర్తు రావాలి కదా అనుకున్నాను.

వారం పైబడ్డాక ఇన్‌సోల్స్ తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. నున్నగా ఉన్నాయి. గుర్తు లేదు. నాకు కోపం రాలేదు, ఒక రకమైన తృప్తి కలిగింది. చూశావా అని మా ఆవిడకు చూపించి, వాటిని బీరువా మీద పెట్టేశాను.

“కొని తెచ్చినాక ఏసుకుని సూడొచ్చు కదయ్యా” అంది ఆమె.

“మోసమని తెలిసి కూడా ఏసుకోవాల్నా?”

“నొప్పి నీదా, మోసం చేసినోళ్లదా?”

అయినా వేసుకోలేదు. మామిడికాయల కాలం వచ్చింది. తోటల్లో ఉండే మనుషులను వెతుక్కుంటూ దుక్కి చేలల్లో నడిచాను. కుడి మడమ మీద బరువు పడకుండా కాలు పక్కకు వేసి వేసి ఎడమ మోకాలు కూడా పట్టుకుంది. చివరకు ఒకరోజు బస్సు దిగి, స్టాపులోనే సిమెంటు దిమ్మె మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ రోజు తీసుకుపోయిన కాగితం తీసుకుపోయినట్టే వెనక్కి తెచ్చాను. నాజరు దాన్నీ, మిగతా కొండకింద పల్లెల కాగితాలనూ వేరేవాళ్లకు పంచాడు, నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

ఈ సంగతి మా ఆవిడ ద్వారా బావమరిదికి పోయింది. నేనింకా ఇన్‌సోల్స్ వేసుకోలేదనీ, ఎందుకు వేసుకోలేదో కూడా అతనికి తెలిసింది. చిత్తూరు వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

“బావా, నేను కమీషన్ తింటాననేనా?”

లోపలికి రమ్మని కుర్చీ జరిపాను. అతను గడప దాటలేదు.

“లాడ్జిలో తింటా. జీపుల దగ్గర తింటా. లేదనను. మా అక్క మొగుడి కాలి దగ్గర తింటానా? పద, ఇప్పుడే పోదాం. నీ గుర్తు యాడ పోయిందో నీ ఎదురుగానే అడుగుతా.”

ఇన్‌సోల్స్ సంచిలో వేసుకుని అతనితో తిరుపతి బస్సెక్కాను. ఆసుపత్రిలో ఆ అమ్మాయితో అతను గట్టిగానే మాట్లాడాడు. గోరు సంగతి చెప్పలేక, “ఇవి నావేనా అని చిన్న అనుమానం అమ్మా” అన్నాను నేను. ఆమె నొచ్చుకున్నట్టు కనబడింది గానీ, వెనక గదిలోకి పోయి తెల్లటి ప్లాస్టర్ పాదాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున పెన్సిల్‌తో నా చీటీ నంబరు ఉంది.

నా పాదాలను నేను అలా ఎప్పుడూ చూడలేదు. అడుగున వంపే లేదు. రెండు గోధుమరొట్టెల్లా పరుచుకుని ఉన్నాయి. చిటికెన వేలు పక్క వేలి కిందికి నక్కి ఉంది. చిన్నప్పుడు వాగులో రాయి తగిలి వంకరపోయిన వేలు అది. నావే. ఇంకెవరివీ కావు.

“ఇక్కడ ఏదో గుచ్చుకున్నట్టుంది సార్” అంది ఆమె కుడి మడమ అంచు చూపిస్తూ. “ప్లాస్టర్ పోస్తే మొటిమలా లేచింది. అరగదీసి నున్నగా చేశాం. మడమ దగ్గర ఒక్క గుంట ఉన్నా సరిగా కూర్చోదు.”

వేలితో తడిమాను. అరగదీసిన చోటు కాస్త గరుకుగా ఉంది. బావమరిది నా మొహం చూశాడు. బయటకొచ్చి టీ తాగేటప్పుడు, “నిన్ను కోర్టు పనిలో పెట్టినోళ్లు మనిషిని సూసే పెట్టినారు బావా” అన్నాడు.

అలా వేసుకోవడం మొదలుపెట్టాను. మొదటి రోజుల్లో కాసేపే వేసుకోవాలని, తర్వాత కొంచెం కొంచెం పెంచాలని ఆ అమ్మాయి చెప్పింది. పాదం మధ్యలో గులకరాయి పెట్టుకున్నట్టుండేది. పిక్కలు లాగేవి. ఒకటి రెండుసార్లు మళ్లీ బీరువా వైపు చూశాను. మా ఆవిడ గోడకు చేతులానించి నాతో పాటు తనూ పిక్క సాగదీసే కసరత్తు చేసేది. నేను చేస్తున్నానో లేదో చూడటానికే అని నాకు తెలుసు. నాలుగైదు వారాలకు గులకరాయి పోయింది. ఆ తర్వాత ఎప్పుడో, పొద్దున లేచి పంపు దగ్గరికి పోయి వచ్చి, ఇంకా నొప్పి రాలేదేమిటా అని ఆగి చూసుకున్నాను. పూర్తిగా పోలేదు. మబ్బు పట్టిన రోజుల్లోనూ, పెళ్లిళ్లలో వట్టికాళ్లతో తిరిగిన మర్నాడూ ఇప్పటికీ పలకరిస్తుంది. కానీ నడవగలను.

ఆఫీసులో మాత్రం ఇది నాకు మేలు చేయలేదు. నల్లబూట్లతో నిటారుగా నడుచుకుంటూ వచ్చిన నన్ను చూసి నాజరు పక్కాయనతో నాకు వినబడేలా అన్నాడు. “సూసినావా? కొండకింద పల్లెల కాగితాలు వేరేవాళ్లకు పోయినాయి, ఈయన కాలు బాగైపోయింది.”

“ఇన్‌సోల్స్ వేసుకున్నాను సార్.”

“బూట్లో అట్ట పెట్టుకుంటే నొప్పి పోయిందా? అట్లయితే అది నొప్పేనా అంట?”

ఆ సాయంత్రమే నా బల్ల మీద పలమనేరు దారిలో ఒక కొండవాలు పల్లె కాగితం పెట్టాడు. పొలం గట్టు తగాదా. అంతకుముందు పోయినవాళ్లెవరికీ ఆ మనిషి దొరకలేదు. ఇది నా కాలికి పెట్టిన పరీక్ష అని తెలిసే తీసుకున్నాను.

రోడ్డు మీద బస్సు దిగి, మామిడితోటల మధ్య రాళ్ల బాటలో ఎక్కాను. పల్లె మొదట్లో కల్లం దగ్గర కూర్చున్న మగవాళ్లు నా బూట్లు చూసి ఒకరొకరే లేచి తోటలోకి జారుకున్నారు. పోలీసనుకున్నారని తర్వాత తెలిసింది. నేను వెతికే ఇంటి ముందు ఒక అవ్వ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని, మడమకు ఆముదం రుద్దుకుంటోంది.

“నీ కొడుకున్నాడా అవ్వా?”

“లేడు నాయనా. బెంగుళూరు పోయినాడు.” ఆమె కళ్లు నా కాళ్ల మీదే ఉన్నాయి. “పోలీసోడివా?”

“కాదవ్వా. కోర్టు నుంచి వచ్చినా.”

“కోర్టాయనకు బూట్లెందుకు?”

మడమ నొప్పి అని చెప్పాను. ఆమె నమ్మలేదు. పొద్దున లేవగానే మొదటి అడుగుకే పొడుస్తుందనీ, నడిస్తే తగ్గుతుందనీ, కూర్చుని లేస్తే మళ్లీ వస్తుందనీ చెప్పాను. రుద్దుతున్న చెయ్యి ఆపింది.

“నాకట్లనే ఉండాది. మా కోడలు నాటకమంటాది” అంది.

ఆ ఒక్క మాటతో నేను వచ్చిన పని మరిచిపోయానంటే నమ్మడం కష్టమే. కానీ అదే జరిగింది. ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. బూటు విప్పి, లోపలి ఇన్‌సోల్ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పింది, వంచి చూసింది, వాసన చూసింది.

“దీంట్లో మందుండాదా?”

“మందేమీ లేదవ్వా. తిరుపతిలో కాళ్ల డాక్టర్ చెప్పి చేయించినాడు. కాలు లోపలికి వాలకుండా ఎత్తి పడతాది, అంతే.”

“అంతేనా? అంత గట్టిగా ఉండాదే, పొడవదా?”

నా పాదం ఎత్తి చూపించాను. ఎక్కడ నొక్కితే ప్రాణం పోతుందో చూపించాను. ఆమె తన మడమ మీద అదేచోట నొక్కుకుని “అబ్బా” అంది. అప్పుడు లోపల అటక మీద నుంచి నిచ్చెన కిర్రుమన్న చప్పుడైంది. నలభై ఏళ్ల మనిషి ఒంటికి గడ్డి అంటుకుని బయటకొచ్చాడు.

“ఏదీ, ఇట్లియ్యి సూద్దాం. మాయమ్మ కాలికి కూడా చేస్తారా దీన్ని?”

అతనే. నాకు అతని మొహం తెలియదు గానీ, పక్కింటామె గోడ మీదుగా అతన్ని పేరుతో పిలిచి, “ఎందుకు దిగినావురా!” అని నోరు కొట్టుకుంది. నేను సంచిలోంచి కాగితం తీశాను. తీయకుండా ఉండలేను, అది నా ఉద్యోగం. అతను కొండ వైపు ఒకసారి చూసి, ఇక పరిగెత్తి లాభం లేదనుకున్నాడేమో, సంతకం పెట్టాడు.

అవ్వ ఇన్‌సోల్‌ను నా ఒళ్లో పడేసింది.

“దీనికోసమేనా, కూర్చుని కాలు సూపించినావు?”

“లేదవ్వా. నిజంగా లేదు.”

“ఎంత అబద్ధమాడినావు నాయనా. నొప్పని చెప్పి.”

నొప్పి నిజమేనని చెప్పాను. దేవుడి మీద ఒట్టు పెట్టాను. ఇన్నేళ్లలో నా ముందు ఎంతమంది అలాగే ఒట్లు పెట్టారో గుర్తొచ్చి మధ్యలో ఆపేశాను. బూటు తొడుక్కుని, లేసు కట్టుకుని దిగి వచ్చాను. మర్నాడు నాజరు ఆ సంతకాన్ని చాలాసేపు చూసి, “వాడే పెట్టినాడా?” అని మాత్రం అడిగాడు.

వాయిదా రోజు తల్లీ కొడుకులు కోర్టుకొచ్చారు. వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్న అవ్వను చూసి పక్కనుంచి తప్పుకుపోబోయాను. ఆమే పిలిచింది.

“యోవ్, కోర్టాయనా. ఆ డాక్టరు తిరుపతిలో యాడుండాడు?”

బస్టాండులో దిగి ఎటు పోవాలో, ఏ సందులో తిరగాలో చెప్పాను. తగ్గుతుందని మాత్రం నేను చెప్పలేననీ, ముందు ఆయన కాలు చూడాలనీ అన్నాను. ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. కొంగు సర్దుకుని లేచి, కుంటుకుంటూ గేటు దగ్గర టీ కొట్టాయన దగ్గరికి పోయింది. తిరుపతిలో కాళ్లకు చూసే డాక్టర్ నిజంగా ఉన్నాడా అని అతన్ని అడగడం నాకు వరండా దాకా వినబడింది.